తనకు మాత్రమే కుట్టుకునే భాగ్యవతి

ఇంట్లో కుట్టుమిషను ఉన్న ఆడదానికి మన ఊళ్ళలో మనశ్శాంతి ఉండదు. పక్కింటావిడ దిండు గలీబు పట్టుకొస్తుంది, ఎదురింటావిడ చీరకి ఫాల్ వెయ్యమంటుంది. “నీకెంతసేపు, రెండు నిమిషాల పని” అని గుడ్డ మిషను మీద పడేసి, కాఫీ తాగి మరీ వెళ్తారు. ఆమదాలవలసలో భాగ్యవతి దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకవు. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ తన ఒంటికి తప్ప ఇంకొకరికి కుట్టు వేసిన పాపాన పోలేదు. కన్నకూతురు అనూరాధకైనా అంతే. “నేర్పమంటే నేర్పుతాను. కుట్టి మాత్రం ఇవ్వను” అంది. ఆ పిల్ల ఏడ్చి, అలిగి, ఆఖరికి నేర్చుకుని తన పరికిణీ తనే కుట్టుకుంది.

ఇంత మొండితనం ఆవిడ పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. పాలకొండలో పుట్టింట్లో పన్నెండేళ్ళకే మిషనెక్కింది. మొదట ఒక్క గలీబు కుట్టింది. బాగుందన్నారు. ఇక అక్కల జాకెట్లు, అన్నల పిల్లల గౌన్లు, పిన్నుల లంగాలు, అన్నీ ఆవిడ నెత్తినే పడ్డాయి. ఆవిడది మాత్రం ఎప్పుడూ చివర. చివరికి తన పెళ్ళినాడు కూడా అక్కచెల్లెళ్ళందరి జాకెట్లూ తయారయ్యాయి, పెళ్ళికూతురి జాకెట్టు కత్తిరించిన ముక్కలుగానే మిగిలింది. పిన్ని జాకెట్టు తొడిగి, వదులైన చోటల్లా పిన్నీసులు గుచ్చి పీటల మీద కూర్చోబెట్టారు. తలంబ్రాలకి చెయ్యెత్తితే చంకలో పిన్నీసు దిగింది. చెయ్యి లేవకపోతే, పిల్లకి ఎంత సిగ్గో అని మగపెళ్ళివారు ముచ్చటపడ్డారు.

సారెతో పాటు మిషనూ అత్తారింటికి వచ్చింది. వచ్చిన వారానికి భాగ్యవతి ఆ ముక్కలు తీసి, తలుపు వేసుకుని, తన పెళ్ళి జాకెట్టు తనే కుట్టుకుంది. తొడుక్కుని అద్దంలో చూసుకుంటే ఒళ్ళంతా పొంగిపోయింది. ఇక ఈ మిషను నాదీ, నా ఒంటిదీ అని ఆ పూటే ఒట్టు పెట్టుకుంది.

అప్పటినుంచి అదే ఆవిడ ఆట. సుద్దముక్కతో గుడ్డ మీద మెడ గీసుకుంటుంటే లోకం గుర్తుండదు. చంక దగ్గర పట్టేస్తే విప్పి మళ్ళీ కుడుతుంది. తొందర పెట్టేవాడెవడు? యాభై దాటాక మోకాళ్ళ కిందకి గౌన్లు మొదలుపెట్టింది, వాటికి రెండు పక్కలా జేబులు. ఈ వయసులో ఇవేమిటని బజార్లో ఎవరైనా అంటే, జేబులో చేతులు పెట్టుకుని ఇంకో చుట్టు తిరిగి వచ్చేది.

భర్త లక్ష్మణరావు ధాన్యం వ్యాపారి. మంచివాడే. నలుగురిలో కూర్చుంటే మాత్రం ఎవరికి ఏది కావాలన్నా మాటిచ్చేస్తాడు. మొన్న మాఘంలో ఆయన అక్క నీలవేణి కూతురు సుహాసిని పెళ్ళి కుదిరింది. వాళ్ళది అరసవల్లి. పెళ్ళి పన్నెండు రోజులుందనగా దర్జీ చెయ్యి బెణికి ఎనిమిది జాకెట్ల గుడ్డలూ తిప్పి పంపేశాడు. “బెంగెట్టుకోకక్కా, మా భాగ్యం ఉన్నాది” అని లక్ష్మణరావు చుట్టాలందరి ముందూ చెప్పి, మూట పట్టుకుని ఇంటికొచ్చాడు.

భాగ్యవతి మూట విప్పలేదు. “నన్నడిగినారా?”

“అడిగేదేటుంది? మనింటి పిల్లే కదా.”

“పిల్ల మనదే. మాట మీది. నేను కుట్టను.”

“నలుగురిలో నా పరువు ఏటయిపోతాది?”

“నా సేతుల తరపున మాటిచ్చే ముందు ఆ బయముండాల.”

వెంటనే ఆడపడుచుకి ఫోను చేసింది. “సుహాసినిని పంపు వదినా. పక్కన కూకోబెట్టి నేర్పుతాను. ముహూర్తం జాకెట్టు తన సేత్తో కుట్టుకుంటే ఆ సంబరమే వేరు.”

“పెళ్ళికూతురి సేత మిషను తొక్కిస్తావేటే? నీదే ఒళ్ళు, మాది ఒళ్ళు కాదేటి? నువ్వే కుట్టుకుని నువ్వే తొడుక్కో” అని నీలవేణి ఫోను పెట్టేసింది.

జాకెట్లేమీ ఆగిపోలేదు. విజయనగరంలో ఒక దుకాణం వాళ్ళు వారంలో కుట్టి ఇచ్చారు. కోపం మాత్రం ఆగలేదు. నీలవేణి పిలుపులకి వచ్చి, ఎదురింట్లో బొట్టు పెట్టి పిలిచి, తమ్ముడి గుమ్మం వైపు కన్నెత్తి చూడకుండా ఆటో ఎక్కింది. చిన్నప్పుడు సుహాసినికి నలుగు పెట్టి నీళ్ళు పోసిన చేతులు భాగ్యవతివి. వంటింట్లో కూర్చుని కరువుతీరా ఏడ్చింది. ఒక్క జాకెట్టు, ఒకే ఒక్కటి కుట్టి పంపితే అంతా సర్దుకుంటుందని తెలుసు. పాలకొండలోనూ అన్నీ ఒక్క గలీబుతోనే మొదలయ్యాయని కూడా తెలుసు. కళ్ళు తుడుచుకుని లేచింది.

పెళ్ళి రోజు పొద్దున్నే, మేనమామ కాబట్టి పిలవకపోయినా వెళ్ళక తప్పని లక్ష్మణరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. “అడిగితే నీకు జొరమని సెప్పమంటావా?”

“మీ నోరు, మీ ఇష్టం. నన్నడిగి సెప్పడం ఎప్పుడలవాటు మీకు?”

ఆయన వెళ్ళాక భాగ్యవతి, పొద్దుటే జాకెట్టుకని తీసి మిషను మీద పెట్టుకున్న పొందూరు ఖద్దరు పసుపుపచ్చ ముక్కకి కత్తెర పెట్టింది. మొదట కోపంగా తొక్కింది. దారం రెండుసార్లు తెగింది. భుజాలు కలిపేసరికి కోపం పోయింది, చేతులు పెట్టేసరికి కూనిరాగం వచ్చింది. పిలవని పెళ్ళి జరుగుతున్న పూట తనకింత హాయిగా ఉండడం తప్పేమో అని ఒక్క క్షణం అనిపించింది. తప్పయితే కానీ అనుకుంది.

మూడింటికి లక్ష్మణరావు వచ్చాడు. కుర్చీలో కూలబడ్డాడు. భాగ్యవతి హుక్కులు కుడుతోంది.

“జొరమని సెప్పినారా?”

“అక్కే సెప్పేసింది. భోజనాల దగ్గర అందరికీ, మా మరదలికి జొరం, లేకపోతే రాకుండా ఉంటాదా అని.”

“మీరేటన్నారు?”

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. “జొరం కాదక్కా, నువ్వు పిలవలేదు అన్నాను. ఇంటికాడ జాకెట్టు కుట్టుకుంటన్నాది, తన కోసవే, అన్నాను.”

“అందరిలోనా?”

“అందరిలోనే. అక్క మొహం మాడ్చుకుంది. నాకూ ముద్ద దిగలేదు, విస్తరి ముందు నుంచి లేచొచ్చేసినాను. ఆకలేస్తన్నాది భాగ్యం, అన్నం పెట్టు.”

భాగ్యవతి సూది ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగి దారం రెండుగా కనబడింది. అవి తగ్గేదాకా ఆగి, మళ్ళీ జాకెట్టు ఒళ్ళోకి లాక్కుంది.

“ఇంకా రెండు హుక్కులున్నాయి. అవయ్యాక పెడతాను” అంది.

లక్ష్మణరావు చెప్పులు విప్పి, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.