ఒక్కటైనా మిగల్చలేదు

కిందటి వానాకాలం, పటమటలో మా పెరటి కొబ్బరిచెట్టు మొదట్లో తెల్లటి పుట్టగొడుగులు మొలిచాయి. మావారు వద్దంటున్నా, "మా ఊళ్లో ఇవే తినేవాళ్లమండీ, నాకు తెలుసు" అంటూ అన్నీ కోసి కూర వండేశాను. ఆ రోజు ఏకాదశి, నాకు ఉపవాసం. ఆయనా, మా పాపా తిన్నారు. గంట తిరక్కుండానే ఇద్దరికీ వాంతులు.

ఆసుపత్రిలో డాక్టరుగారు, "ఏ రకం తిన్నారమ్మా? ఒక్కటి తెచ్చి చూపించగలరా?" అని అడిగారు. ఏం తేను? కూర గిన్నె కూడా తోమేశాను. తెల్లగా ఉన్నాయని తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాను. సెలైన్ ఎక్కుతున్న రెండు మంచాల మధ్య, ఒంట్లో ఏ బాధా లేకుండా నేనొక్కదాన్నే నిలబడ్డాను.

సాయంత్రానికి తేరుకున్న పాప నా చెయ్యి పట్టుకుని, "నువ్వు తినకపోవడం మంచిదయిందమ్మా" అంది.

తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు.