శోభారాణికి దొరకని గంట

శోభారాణి చాలా ఏళ్లు వరంగల్ బజారులోని ఒక పాత దుకాణంలో చీరలు చూపించింది. అక్కడ తెల్లటి పరుపుల మీద కొనేవాళ్లూ, అమ్మేవాళ్లూ ఎదురెదురుగా కూర్చునేవారు. యజమాని సేటు పోయాక ఆయన కొడుకులు దుకాణం మూసేశారు. ఆమె హనుమకొండలో కొత్తగా లేచిన నాలుగంతస్తుల షోరూంలో చేరింది. ఏసీ, అద్దాలు, యూనిఫాం చీర. కౌంటర్ వెనక స్టూలు మాత్రం లేదు. కస్టమర్ ఉన్నా లేకున్నా నిలబడే ఉండాలి.

భర్త సాంబయ్య ఆటో తోలేవాడు. నడుము విరిగి మంచాన పడ్డాడు. కూతురు నవ్య డిగ్రీ చదువుతోంది. ఇల్లు శోభారాణి మీదే నడుస్తోంది.

పెళ్లిళ్ల సీజన్‌లో మధ్యాహ్నం అన్నమంటే మెట్ల కింద నిలబడి నాలుగు ముద్దలు మింగి రావడమే. బాత్రూంకు పోవాలంటే ఫ్లోర్ మేనేజర్ రమాకాంత్‌ను అడగాలి. "ఇప్పుడే పోయొస్తివి గదమ్మా" అని కస్టమర్ల ముందే అనేవాడు. ఆ మాట పడలేక ఆడవాళ్లంతా నీళ్లు తాగడమే మానేశారు.

ఆ వేసవిలో శోభారాణికి చలిజ్వరం పట్టుకుంది. నడుము పక్కన పొడిచినట్టు నొప్పి. సెలవు ఇవ్వరని గోలీ వేసుకుని పనికి పోయింది. పెళ్లివారికి పట్టుచీర విప్పి కొంగు చూపిస్తోంది. రెండుసార్లు రమాకాంత్ వైపు చూసింది. అతను చూడనట్టే తల తిప్పుకున్నాడు. ఇక ఆపుకోలేకపోయింది. కట్టుకున్న చీర తడిసి, నేల మీద మడుగు కట్టింది. పెళ్లివారు వెనక్కి జరిగారు. పక్క కౌంటర్‌లోని దీప పరుగున వచ్చి దుప్పటి ఒకటి చుట్టి ఆమెను బయటికి తీసుకుపోయింది.

దవాఖానలో డాక్టరమ్మ ఒక్కటే అడిగింది. "మూత్రం ఆపుకుంటున్నారా?"

శోభారాణి తలూపింది. ఇన్‌ఫెక్షన్ అప్పటికే కిడ్నీలకు పాకింది.

"అయిదు గంటలు పనిచేస్తే గంట రెస్ట్ ఇయ్యాలె అమ్మా. చట్టంలనే ఉంది" అంది నవ్య, మంచం పక్కన కూర్చుని.

"ఉంటే ఉండనీ బిడ్డా. ఆ షోరూంల ఎవలిస్తాండ్రు?"

అన్నది గానీ, లేచి తిరగగలిగాక తానే లేబర్ ఆఫీసుకు పోయి ఫిర్యాదు చేసింది. పనికీ తిరిగి పోయింది.

ఆఫీసర్ వచ్చిన రోజు ఆడవాళ్లందరినీ వరసగా నిలబెట్టారు. పక్కనే రమాకాంత్.

"మీకు రోజూ గంట విశ్రాంతి ఇస్తున్నారా?"

"ఇస్తాండ్రు సార్." ఒకరి తర్వాత ఒకరు అదే మాట. దీప కూడా, తల దించుకుని.

శోభారాణి వంతు వచ్చింది. "నలుగురి ముందట బట్టలల్లనే పోసుకున్న సార్. గంట ఇస్తే నాకు గా గతి పడుతుండెనా?"

ఆఫీసర్ షోరూంకు నోటీసు ఇచ్చి వెళ్లాడు.

మర్నాడు రమాకాంత్ ఆమెను గుమ్మం దగ్గరే ఆపాడు. "నీ పానం మంచిగ లేదమ్మా. ఇంటికాడనే రెస్ట్ తీస్కో."

ఆమె వేరే దుకాణాలు తిరిగింది. ఎక్కడికి పోయినా ఆమె సంగతి ఆమెకంటే ముందే చేరింది. చివరికి సుబేదారిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో అంట్లు తోమే పని దొరికింది. నవ్య కాలేజీ మానేసి మడికొండలో ఒక ఆఫీసులో రిసెప్షన్ పనికి కుదిరింది.

వానలు మొదలయ్యాక దీప హాస్టల్ వెనక తలుపు దగ్గరికి వచ్చింది.

"అక్కా, గప్పుడు నాకు నోరు రాలే. మా ఇంట్ల నా ఒక్కదాని జీతమే..."

"ఎర్కే చెల్లె. నిన్నేమంటాన?"

"ఇప్పుడు వంతులేసి మధ్యాహ్నం గంట ఇస్తాండ్రు. కుర్చీలేసిండ్రు."

"మరి బాత్రూంకు?"

"గా గంటల్నే పోవాల్నంట."

శోభారాణి తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. చేతి సబ్బు కొంగుకు తుడుచుకుంటూ మెల్లగా అడిగింది.

"నన్ను మల్ల తీసుకుంటరేమో, జర అడుగుతవా?"

దీప మరుసటి రోజే అడిగింది. రమాకాంత్ జవాబు చెప్పకుండా చీరలు సర్దమన్నాడు. ఆ సంగతి శోభారాణికి ఎలా చెప్పాలో తెలియక దీప మళ్లీ సుబేదారి వైపు పోలేదు.