కర్త ఉన్నాడని చెప్పిన మా ఏడుకొండలు మాస్టారు

మొన్న మంగళవారం పొద్దున ఆటోనగర్‌లో మా షెడ్డు తలుపులు తీస్తుండగా మాస్టారి భార్య సామ్రాజ్యం గారు ఫోన్ చేశారు. "మాస్టారు వెళ్ళిపోయారు నాన్నా" అన్నారు. "ఎక్కడికండీ?" అని అడిగాను. ఆసుపత్రి మంచం మీద పక్కకు ఒత్తిగిలలేని మనిషి ఎక్కడికి వెళతారు? ఆ మాత్రం తెలియక కాదు. తెలిసిన అర్థాన్ని బుద్ధి కాసేపు లోపలికి రానివ్వలేదు. "సాయంత్రానికి కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్ళాలి" అన్నారావిడ. అప్పటికి నాకు సంగతి బోధపడింది. తెరిచిన తలుపులు మళ్ళీ మూసేసి మెట్టు మీద కూలబడ్డాను.

తర్కశాస్త్ర అధ్యాపకులు, నాకు విద్యాదాతలు, ఆత్మబంధువులు అయిన ఏడుకొండలు గారు పరమపదించారు. గవర్నర్‌పేటలో మా పాత కళాశాల గదిలో ఆయన గంభీర కంఠస్వరం విన్నవాళ్ళు ఈ నగరంలో కోర్టుల్లో, బ్యాంకుల్లో, హోల్‌సేల్ కొట్లలో ఎందరో ఉన్నారు. విననివాళ్ళకు ఆయన ఎవరో చెప్పడం నా ధర్మం అనుకుని, చేతకాకపోయినా ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ప్రకృతిని పరిశీలించి, స్వబుద్ధితో విచారించి మానవుడు ఈశ్వరుణ్ణి తెలుసుకోగలడా? ఆయన జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. తెలుసుకోగలడనే ఆయన సిద్ధాంతం. గ్రంథాల్లో ఉందనో, పెద్దలు చెప్పారనో కాదు. కళ్ళు తెరిచి చూసి, చూసినదాని గురించి నిజాయితీగా ఆలోచిస్తే చాలుననేవారు. నేను నమ్మేవాణ్ణి కాదు. డిగ్రీ రోజుల్లో మొదలైన మా వాదం, మా నాన్నగారి తర్వాత నేను లారీ ఇంజన్ల షెడ్డు చేపట్టాక కూడా ఆగలేదు. నన్ను ఒప్పించాలని ఆయన ఎన్నడూ తొందరపడలేదు. నాతో వాదించడం ఎన్నడూ మానలేదు.

డెల్టా పిల్లలం కాబట్టి మాకు అందే ఉదాహరణలే తెచ్చేవారు. "తెల్లారి చేనుకెళ్ళిన రైతు బోదె కాలవలో నీళ్ళు చూస్తాడు. ఎగువన కాలవ లాకులు ఎత్తారని అతనికి తెలిసిపోతుంది. లాకుల దగ్గరున్న మనిషిని చూడక్కర్లేదు, పేరు తెలియక్కర్లేదు. నీళ్ళు వాటంతటవే వేళకి రావు. ఋతువులు వేళకి వస్తున్నాయి. విత్తనం తన జాతి మరిచిపోకుండా మొలుస్తోంది. ఎగువన ఎవరో ఉన్నారు" అని ఒకరోజు చెబుతుంటే ముందు బెంచీలో అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, నీళ్ళు ఎక్కువొచ్చి చేను మునిగిపోతే? ఆ చేలో మనుషులు కూడా ఉంటే? అప్పుడు కూడా ఎత్తింది ఆయనేనా సార్?"

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టారు. "మంచి ప్రశ్నమ్మా. నా దగ్గర సమాధానం లేదు. దొరికిన రోజున చెప్తాను" అని, గంట కొట్టకముందే బయటికి వెళ్ళిపోయారు. కోపం వచ్చిందనుకున్నాం మేమంతా. ఆయన దివిసీమలో చేపలు పట్టే కుటుంబంలో పుట్టారని మాకు తెలుసు. తల్లిదండ్రులు లేక హాస్టల్లో పెరిగారనీ తెలుసు. ఆ సీమలో ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టిన ఉప్పెన నాటికి ఆయన వయసెంతో లెక్క వేసుకోవాలని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు.

కాలేజీ అయ్యాక సాయంత్రాలు సిటీ బస్సెక్కి మా షెడ్డుకు వచ్చేవారు. ఒకసారి పూర్తిగా విప్పిపెట్టిన లారీ ఇంజను ముందు నిలబడి, "ఇది తనంతట తనే కుదిరిందని ఎవరైనా అంటే ఒప్పుకుంటావటయ్యా?" అన్నారు.

"ఒప్పుకోనండి. దీన్ని చేసినవాడు మంచివాడంటే కూడా ఒప్పుకోను. ఈ మోడల్ బండి బ్రేకులు ఎంతమందిని పొట్టన పెట్టుకున్నాయో మీకు తెలీదు."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. విప్పిన ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. చివరికి, "నువ్వన్నది నిజమేనయ్యా. కర్త ఉన్నాడనేదాకా నడవగలను. ఆయన మనవాడనడానికి నా దగ్గర హేతువు లేదు" అన్నారు. మర్నాడు తరగతిలో ఆ మాట యథాతథంగా చెప్పి, "ఈ ఆక్షేపణ నాది కాదు, ఆటోనగర్‌లో నా శిష్యుడిది. నన్ను ఆపేశాడు" అన్నారట. తన వాదంలో ఉన్న చిల్లిని తానే పదిమందికీ చూపించే పండితుణ్ణి నేను మరొకరిని చూడలేదు.

సామ్రాజ్యం గారిది వేరే మార్గం. శుక్రవారం శుక్రవారం కొండ మీదికి వెళ్ళి అమ్మవారి దర్శనం చేసుకుంటేగాని ఆవిడకు వారం గడవదు. మాస్టారు కూడా వెళ్ళేవారు గానీ మెట్ల దగ్గరే కూర్చుని, కింద పారే కృష్ణను చూస్తూ ఉండిపోయేవారు. "ఉన్నాడని రుజువు చేసి ఊరుకుంటారు మీ మాస్టారు. ఒక్కనాడైనా పలకరించారేమో అడుగు రమేష్" అని ఆవిడ నాతో అనేవారు. "పరిచయం లేనిదే ఎలా పలకరించను సామ్రాజ్యం?" అని ఆయన జవాబు. అది హాస్యమని అప్పట్లో ముగ్గురం నవ్వుకునేవాళ్ళం.

మా ఊళ్ళోకి వాగు నీళ్ళు ముంచుకొచ్చినప్పుడు వాళ్ళ ఇల్లు కూడా మునిగింది. పై వాటాలో తలదాచుకున్నారు. పక్కింటి పెద్దాయన చేతులు జోడించి, "అంతా దైవాగ్రహం అండీ" అంటే మాస్టారు కసురుకున్నారట. "గట్టు తెగింది. ఎందుకు తెగిందో కనిపెట్టే బుద్ధి మనకుంది. మనం చెయ్యాల్సిన పనిని ఆయన మీదికి నెట్టకండి" అన్నారట. అంత స్పష్టంగా మాట్లాడిన మనిషి, నీళ్ళు ఒక్కొక్క మెట్టే ఎక్కి రావడం చూస్తూ చూస్తూ గోడకు చేరబడిపోయారు. భార్య మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"వదలండి, చెయ్యి నొప్పెడుతోంది" అన్నారావిడ.

"వదిలితే పోతుంది."

"ఎవరండీ పోయేది?"

"నాంచారి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ పేరు ఆవిడ వినడం అదే మొదలు. నాంచారి ఆయన చెల్లెలు. ఉప్పెన నీరు గుడిసెల మీదికి వచ్చినప్పుడు తల్లీ తండ్రీ ఏమయ్యారో ఆయనకు కనబడనే లేదు. తుమ్మకొమ్మను ఒక చేత్తో, చెల్లెలి చేతిని మరో చేత్తో పట్టుకున్న పసివాడికి ఎంతసేపని బలం ఉంటుంది? ఆ పిల్ల "అన్నా, గట్టిగా పట్టుకో" అనడం ఆయనకు జ్ఞాపకం. చెయ్యి ఎప్పుడు జారిందో జ్ఞాపకం లేదు. ఈ మాటలు సామ్రాజ్యం గారు నాకు చెప్పినప్పుడు, ఆ తరగతి గదిలో బల్ల మీద పెట్టిన సుద్దముక్క నా కళ్ళ ముందు మెదిలింది. ఆయన పాఠాల్లో నక్షత్రాలుండేవి, గింజలుండేవి, తేనెటీగలుండేవి. సముద్రం ఎన్నడూ లేదు.

నీళ్ళు తీశాక కొన్నాళ్ళకు ఆయన కాలేయంలో కంతి ఉందని బయటపడింది. వైద్యులు దాచలేదు, ఆయన కూడా దాచమనలేదు. ఒకనాడు నాకు ఫోన్ చేసి, "కారు ఖాళీగా ఉంటే హంసలదీవి దాకా తీసుకెళ్తావా? కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూడాలి" అన్నారు. సామ్రాజ్యం గారు వద్దనలేదు, తనూ బయల్దేరారు. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నారు. అవనిగడ్డ దాటాక గాలిలో ఉప్పు వాసన తగిలిందేమో, కళ్ళు మూసుకున్నారు.

ఇసుకలో దుప్పటి పరిచి కూర్చోబెట్టాం. ఆ రోజు సముద్రం ఎంతో ప్రశాంతంగా ఉంది.

"ఇన్నేళ్ళూ పాఠం చెప్పాను రమేష్. కనబడిన ప్రతిదాన్నీ సాక్ష్యానికి పిలిచాను. దీన్ని మటుకు పిలవలేదు. ఇది ఏం చెప్తుందోనని భయం."

"ఇప్పుడేం చెప్తోందండీ?"

"ఏమీ చెప్పట్లేదు. దీనికి నాంచారి ఎవరో తెలీదు."

అంతవరకు నిబ్బరంగా ఉన్న మనిషి వెక్కివెక్కి ఏడ్చారు. సామ్రాజ్యం గారు పక్కన చేరి కొంగుతో ముఖం తుడిచారు. నేను ఏం చెయ్యాలో తెలియక చెప్పులు విప్పి నీళ్ళ దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. వచ్చేసరికి ఆయన తేరుకున్నారు.

"చూడవయ్యా" అన్నారు. "ఇంత నీటికి అక్కర్లేని పిల్ల నాకెందుకు ఇంతగా కావాలి? ఈ వయసులో కూడా ఎందుకు కావాలి? నేను కూడా ప్రకృతిలో పుట్టినవాణ్ణే. సముద్రం ఒక్కటే ప్రకృతి కాదు గదా. నా దుఃఖం కూడా ప్రకృతే. ఎగువన ఉన్నవాడు సముద్రంలాగా ఉంటాడా, ఈ దుఃఖంలాగా ఉంటాడా అన్నదే అసలు ప్రశ్న."

"మీరేమనుకుంటున్నారు?"

"దుఃఖంలాగే ఉంటాడనుకుంటున్నాను. ఆయనక్కూడా ఆ పిల్ల కావాలనే అనుకుంటున్నాను. రుజువు చెయ్యలేను."

నేనూ సామ్రాజ్యం గారూ చెరో చెయ్యీ పట్టుకుని ఆయన్ని కారు దాకా నడిపించాం. తిరుగు ప్రయాణంలో ఆయన, "అప్పుడు క్లాసులో లేచిన ఆ అమ్మాయి ఎక్కడుందో తెలుసా?" అని అడిగారు. తెలియదన్నాను. "సమాధానం చెప్తానని మాటిచ్చాను. ఇది సగమే. సగమైనా చెప్పాలి" అన్నారు. ఆమె ఎక్కడున్నా ఈ వ్యాసం ఆమె కంటపడాలని నా కోరిక. అమ్మా, మీ ప్రశ్నను ఆయన మరిచిపోలేదు.

చివరి వారం ఆసుపత్రిలో నొప్పి తెలియకుండా మందులిస్తున్నా, మెలకువ ఉన్నప్పుడు మాట స్పష్టంగానే ఉండేది. ఒక మధ్యాహ్నం సామ్రాజ్యం గారు ఆయన నుదుట కుంకుమ పెట్టి, "ఒక్కసారి అమ్మవారికి దణ్ణం పెట్టుకోండి" అన్నారు.

"నువ్వు రోజూ మాట్లాడతావు గదా. నా తరఫున ఒక్కటి అడుగు."

"ఏమడగమంటారు?"

"నాంచారి బాగుందా అని."

ఆవిడ ఆయన రెండు చేతులూ తీసి ఒకదానితో ఒకటి కలిపారు. "మీరే అడగండి" అన్నారు.

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. ఏమన్నారో మాకు వినబడలేదు. అక్కడ నేను ఉండకూడదనిపించి వరండాలోకి వచ్చేశాను. నాకు తెలిసినంతలో ఆయన జీవితంలో ప్రార్థన అనదగినది అదొక్కటే. తర్కం తీసుకువెళ్ళలేని ఆ కాస్త దూరం ఆయన ఎలా నడిచారో, అసలు నడిచారో లేదో, చెప్పడానికి నేనెవర్ని?

ఆ దంపతులకు సంతానం లేదు. మంగళవారం సాయంత్రం కృష్ణ ఒడ్డున కొరివి నేనే పెట్టాను. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. తెల్లజుట్టు న్యాయవాది ఒకాయన నా భుజం పట్టుకుని, "మా అందరికీ ఆలోచించడం నేర్పిన మనిషి" అని ఏడ్చేశారు. సామ్రాజ్యం గారు ఇంటి దగ్గర మణికట్టు నిమురుకుంటూ కూర్చున్నారు. వరదనాడు ఆయన పట్టుకున్న చోట కమిలిన మచ్చ చాలాకాలం ఉందట. "అది కూడా పోయింది నాన్నా" అన్నారు నాతో. ఆ తల్లికి ఏ మాట చెప్పి ఓదార్చగలను? అటువంటి గురువు చరణాల దగ్గర కూర్చునే భాగ్యం కలిగినందుకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఈ నగరానికి మరో తర్కాధ్యాపకుడు వస్తాడు. ఆయన స్థానంలోకి రాగలవాడు రాడు.

దేవుడనే మాట నాకు ఇన్నేళ్ళూ వాదించుకోవడానికి ఒక విషయం, అంతే. చితి ముందు నిలబడ్డప్పటి నుంచి అలా లేదు. ఆయన ఎక్కడో ఉండాలి, ఆ పిల్ల ఆయనకు కనబడాలి, అందుకోసమైనా దేవుడు ఉండి తీరాలి అనిపిస్తోంది. నా జన్మలో దేన్నీ ఇంత గట్టిగా కోరుకోలేదు. "కోరుకున్నంత మాత్రాన ఉన్నట్టవుతుందటయ్యా?" అని ఆయన అడిగి ఉండేవారు. కాదండీ అని నేను ఒప్పుకుని ఉండేవాణ్ణి. "సరే, మరయితే ఈ కోరిక ఎక్కడిది?" అనో, ఇంకేమనో, అక్కణ్ణుంచి మొదలుపెట్టేవారు. ఆ తర్వాత ఏమనేవారో ఎంత ఆలోచించినా నాకు అందడం లేదు.