తమ్ముడి కత్తి తిప్పిన రోజు

ఆ వీధిలో వంపు కత్తులు చేసే కొట్లు రెండే. ఇటువైపు అన్న, అటువైపు తమ్ముడు, నడుమ ఒక్కటే గోడ. ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని వీధిలో వాళ్లు అనుకునేవారు. నిజానికి భగ్గుమనేది ఇటువైపే. అటువైపు వాడికి ఇక్కడొక మంట ఉన్న సంగతే తెలియదు. అన్నకు అందుకే మరింత ఒళ్లు మండేది.

అన్నవి బరువు కత్తులు. తండ్రి కొలత ప్రకారం కిలో మీద రెండువందల గ్రాములు, మందపాటి వెన్ను, కొస దగ్గర వెడల్పు. తమ్ముడు వెన్ను పల్చన చేసి, పొడవునా గాడి తీసి, బరువు ఏడువందలకు దించేశాడు. వంపు మాత్రం తండ్రిదే. అన్న దాన్ని కూరగాయల కత్తి అని వెక్కిరించేవాడు. కానీ తండ్రి చివరి రోజుల్లో ఆ కూరగాయల కత్తినే పట్టుకుని "బాగుందిరా" అన్నాడు. పాతికేళ్లు సుత్తి పట్టినా ఆ మాట అన్నకు దక్కలేదు. తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

కత్తిసాము బడికి ఇరవై ఏళ్లుగా అన్న కత్తులే వెళ్లేవి. ఈసారి బడి పంతులమ్మ ఇద్దరివీ చూసి, ఒక్క రకమే తీసుకుంటానంది. ఆ బేరం పోతే ఇటువైపు కొలిమి చల్లారినట్టే.

ఆ కుటుంబంలో ఒక పద్ధతి ఉంది. కొనేవాళ్ల ముందు ఎవరి కత్తి వాళ్లు తిప్పకూడదు. తన కత్తిని ఎవడైనా బాగానే తిప్పుతాడు, పరాయి చేతిలో ఎలా నడుస్తుందో చూపాలని తండ్రి పెట్టిన నియమం. అంటే తమ్ముడి కత్తి అన్న చేతికి వస్తుంది. నాలుగు వంకర ఊపులు ఊపి, కొస తూలుతోందని ఒక్క మాట అంటే చాలు, తమ్ముడి పని అయిపోతుంది. మూడు రోజులుగా అన్న ఆ ఒక్క మాటనే నెమరు వేసుకుంటున్నాడు.

బడి వాకిట్లో ముందు తమ్ముడు బరువు కత్తి తిప్పాడు. చెమటలు కారాయి, అయినా ఎక్కడా తడబడలేదు.

"దీని దెబ్బకి తిరుగులేదమ్మా. అన్నయ్య చేతి పని అంటే అదీ" అన్నాడు పంతులమ్మతో.

పొగడడంలో కూడా వాడే ముందుండాలా అని అన్న పళ్లు నూరుకున్నాడు.

తన వంతు వచ్చింది. మొదటి ఊపు అనుకున్నట్టే వంకరగా ఊపాడు. రెండోది ఊపబోతే చెయ్యి చెవి దాటి పైకి లేచింది. అయిదేళ్లుగా ఆ కుడి భుజం చెవి దాకా కూడా లేవడం లేదు. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నొప్పి లేదు. కత్తి తల వెనకనుంచి తిరిగి వచ్చింది, మళ్లీ వెళ్లింది. చిన్నప్పుడు తండ్రి నేర్పిన ఎనిమిది చుట్లూ వరసగా వచ్చేశాయి. ఎనిమిదోది పూర్తయ్యాక గానీ తను చెడగొట్టడానికి నిలబడ్డానని గుర్తు రాలేదు.

"తేలికవే తీసుకుంటానండీ" అంది పంతులమ్మ. తర్వాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మూడేళ్లుగా మీరు కత్తులు ఎడమచేత్తో అందిస్తున్నారు. నాకు తెలుసు. ఆ భుజమే తిరిగిందంటే మా పిల్లల చేతులు తిరగవా?"

తమ్ముడు ఇవేవీ వినలేదు. అన్న చేతినే చూస్తూ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. "ఆ చుట్లు చూసి ఎన్నాళ్లయిందో అన్నయ్యా. ఆ కత్తి నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. విసిరి వాడి మొహాన కొడదామన్నంత కోపం వచ్చింది అన్నకు. వేళ్లు మాత్రం పిడి వదల్లేదు.

కొట్టు వెనక ఇంటికొచ్చి కత్తి నడిమి గోడకు ఆనించాడు. వంటగదిలోంచి భార్య అడిగింది.

"ఎవరి కత్తి నెగ్గింది?"

"నేను తిప్పింది" అన్నాడు.

ఇంటి పద్ధతి తెలిసిన మనిషి కాబట్టి నెగ్గింది మరిది కత్తని ఆమెకు అర్థమైంది. ఎప్పటిలాగే అతని చొక్కా విప్పడానికి సాయం రాబోయింది. అప్పటికే అతను కుడిచేత్తో దాన్ని తల మీదుగా లాగేసి, గోడ అవతలివైపు కసిగా చూస్తూ ఏడుస్తున్నాడు.