మేనత్త కాళ్లకు సైకిల్ ట్యూబు

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగం దొరికినవాళ్లకు లోకాన్ని బాగుచేయాలని ఒకటే తొందర. నాకైతే అది జ్వరంలా ఉండేది. ఎనభైల మొదట్లో జహీరాబాద్‌లో మా మేనత్త ఇంట్లో ఉంటూ, ఒక ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేరాను. హైదరాబాదులో శిక్షణకు వెళ్లినప్పుడు ఒక ముసలి మాస్టారు జపాన్ వాళ్ల పద్ధతి చెప్పారు. తొడ పైభాగాన మెత్తటి పట్టీ కట్టి, రక్తం పూర్తిగా ఆగకుండా కాస్త నెమ్మదించేలా చేస్తే, చిన్న బరువు ఎత్తించినా పెద్దవాళ్ల కండ పుంజుకుంటుందట. (నేను విన్నది సగం, నా ఉత్సాహం రెట్టింపు.)

అప్పటికి మేనత్త టైఫాయిడ్‌తో మంచం పట్టి లేచింది. తొడలు చిక్కిపోయాయి. కోహీర్ దగ్గర ఆమెకు అల్లం చేను ఉంది. ఆమె కొడుకు, అంటే మా బావ, "బస్సు ఎక్కుడే చాతనైతలేదు, ఇగ చేనుకెట్ల పోతవమ్మా? కౌలుకిచ్చేస్త" అన్నాడు. ఆ పూట అత్త అన్నం ముట్టలేదు.

ఆ పట్టీ సంగతి దవాఖానలో డాక్టరును అడిగాను. "మరీ బిగించకు, తిమ్మిరెక్కితే విప్పెయ్" అన్నారాయన. పాత సైకిల్ ట్యూబును వెడల్పుగా కోసి, గుడ్డ చుట్టి అత్త తొడలకు కట్టాను. పాదానికి చిన్న ఇసుక సంచి. అరుగు మీద కూర్చుని ఆమె మూలుగుతూ కాలు ఎత్తుతుంటే పక్కింటామె చూసి, "అయ్యో, పాము గరిసింది! కాలికి కట్టు గట్టిన్రు!" అని కేకపెట్టింది. అంతే, వాడంతా వచ్చిపడింది. ఒకరు వేపాకు తెచ్చారు, ఒకరు ఏకంగా మంత్రగాణ్ణే తెచ్చారు. బావ దుకాణం వదిలేసి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"పాము లేదు, గీము లేదు! కాళ్లకు తాకత్ దెచ్చుకుంటున్న. జర జరుగున్రి, గాలి ఆడనియ్యిన్రి" అంది అత్త, ఎత్తిన కాలు దించకుండానే. (మంత్రగాడు పోతూ పోతూ, తన మోకాళ్లకూ ఏమైనా చేస్తానా అని నన్ను చాటుగా అడిగాడు.)

వానాకాలం వెళ్లేసరికి అత్త నన్నూ బావనూ బస్టాండుకు లాక్కెళ్లింది. కోహీర్ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు "రా పెద్దమ్మా" అంటూ చెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్యి బిడ్డా, తొవ్వకడ్డం" అని, కడ్డీ పట్టుకుని ఒక్క ఊపున ఎక్కేసింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "కౌలు మాట ఇంకోపారి ఎత్తినవంటె సూడు! అల్లం నేనే తవ్విస్త" అంది. బావ నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం నుంచి వాడలో నేను "డాక్టరమ్మ"నయ్యాను. కాదని అనలేదు కూడా. మెడలో విజిలు వేసుకుని, ఆ బస్సును నేనే తోసి పంపినట్టు బజారంతా తిరిగాను. ఇప్పుడు ఎక్కడైనా మెట్లెక్కే ముందు ఒక్క క్షణం ఆగుతాను. ఆగినప్పుడల్లా ఆ గర్విష్ఠి పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, తనకూ మోకాళ్లున్న సంగతి అప్పటికింకా ఆ పిల్లకు తెలియదు.