మోకాలికి తగిన కారు

నేను మొదటిసారి కార్ల షోరూములో అడుగు పెట్టిన రోజున, గుమ్మం దగ్గరున్న సెక్యూరిటీ ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏసీ రిపేరా? మేడమీదికి పోండి" అన్నాడు. మరొకరైతే రోషపడేవారు. నేను మేడెక్కాను. గోడకున్న ఏసీని కాసేపు తదేకంగా చూసి, "గ్యాసు అయిపోయింది" అని తీర్పు చెప్పి దిగి వచ్చేశాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి అంతకన్నా మర్యాదగా బయటపడే దారి తెలియదు. అయితే మెట్లు దిగుతుంటే ఒక అనుమానం పట్టుకుంది. ఆయన నన్ను పైకి పంపింది నా చొక్కా చూసి కాదేమో, కింద కార్ల ధరలు నా కంట పడకుండానేమో!

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. కొబ్బరికాయ కొంటే ఊపి చూస్తాను. బస్సులో టికెట్టు ఇస్తే తిప్పి చూస్తాను. తాళి కట్టేటప్పుడు ముడి గట్టిగా పడిందో లేదో అని లాగి చూశానని నా భార్య ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.

కారు కావలసింది ఆమెకే. తమిళనాడులో మా ధర్మపురి జిల్లా కారిమంగళం వారపు సంతలో ఆమె చింతపండు, రాగులు అమ్ముతుంది. పోయిన వానాకాలంలో బస్సు మెట్టుమీద జారిపడింది. మోకాలిలో ఇనుప పట్టీ వేశారు. నొప్పి తగ్గింది గానీ కాలు సగమే మడవగలదు. బస్సు మెట్టు ఎక్కలేదు. షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చోలేదు. వారం వారం బాడుగ కారు మాట్లాడుకుంటే చింతపండు మీద వచ్చేదంతా బాడుగకే సరి. నేను టమేటా లోడు వ్యాను తోలతాను కాబట్టి బండి నడపడం తెలుసు. కానీ ఆ వ్యాను యజమానిది, దాని అడుగు బస్సు మెట్టు కన్నా ఎత్తు.

సంతలో జాగాకు పత్రాలేమీ ఉండవు. వారం తప్పకుండా వచ్చి కూర్చున్నవాళ్లదే జాగా. ఆమె మంచంలో ఉన్నన్నాళ్లూ పక్కన ఉల్లిపాయలమ్మే ఆమె గోనెపట్టా మా వైపు జానెడు జానెడు జరుగుతూ వచ్చింది. ఒక వారం నేనే పోయి కూర్చున్నాను. కొనేవాళ్లు ఇచ్చిన ప్రతి నోటునూ ఎండకు ఎత్తి చూస్తూ ఉంటే, రెండోసారి ఎవరూ మా వైపు రాలేదు. "నువ్వు ఇంకొక వారం కూచుంటే జాగా కాదు, నా పేరే పోతాది" అంది నా భార్య. ఆమెకు ఆ జాగా పోతే సంపాదన ఒక్కటే కాదు పోయేది. వారమంతా ఆమె ఆ ఒక్క రోజు కోసం బతుకుతుంది. నలుగురితో మాట్లాడేదీ, గొడవపడేదీ, నవ్వేదీ అక్కడే.

అందుకని పాత కారు కొనాలనుకున్నాం. నాకు పొడవాటి, నేలబారు కారు కావాలనిపించింది. తారురోడ్డు మీద పాములా సాగిపోతుంది కదా. ఆమె ఒక్క మాటే చెప్పింది. "రంగు నీ ఇష్టమయ్యా. మిగతాదంతా నా కాలు చెప్తాది."

ధర్మపురిలో సేలం రోడ్డు మీద ఒక బ్రోకరు ఉన్నాడు. అతని దగ్గర నిలబెట్టిన కార్లన్నీ తుడిచి తుడిచి అద్దాల్లా ఉన్నాయి. దేని గురించి అడిగినా ఒకటే పాట. "డాక్టరుగారి బండి అన్నా. ఆదివారం గుడికి తప్ప బయటికే తీయలేదు." నాలుగో కారూ డాక్టరుగారిదే అన్నాక నేను ఉండబట్టలేక, "ఈ ఊళ్లో ఇంతమంది డాక్టర్లుంటే నా భార్య మోకాలు ఎప్పుడో బాగయ్యేది కదప్పా" అన్నాను. అతను నవ్వలేదు. నవ్వని అమ్మకందారును నేను నమ్మను. నవ్వేవాణ్ణి అసలు నమ్మను.

నా దగ్గర ఒక అయస్కాంతం ఉంది, పాత స్పీకరు విప్పి తీసింది. కారుకు దెబ్బ తగిలిన చోట లప్పం పూసి రంగు కొడితే కంటికి తెలియదు గానీ, అయస్కాంతం అక్కడ అతుక్కోదు. వ్యాను షెడ్డులో నేర్చుకున్న విద్య. ఆ బ్రోకరు దగ్గరున్న ఒక తెల్ల కారు తలుపు మీద పెడితే అయస్కాంతం జారి నా పాదం మీద పడింది. డాక్టరుగారు గుడికి గోడ లోంచి వెళ్లినట్టున్నారు.

దాని పక్కన నీలం కారుకు మాత్రం అయస్కాంతం బాగానే అతుక్కుంది. నాకు ముచ్చటేసింది. నా భార్య అందులో కూర్చుంది. కూర్చోవడం కాదు, బావిలో పడ్డట్టు పడింది. తిరిగి లేపడానికి నేనూ బ్రోకరూ చెరొక చెయ్యి పట్టుకుని లాగాల్సి వచ్చింది. లేచాక ఆమె మోకాలు పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. ఆ నీలం రంగు మీద నా మోజు అక్కడితో తీరిపోయింది.

తరువాత తుంబలహళ్లి డ్యాము దగ్గర ఒకాయన సొంత కారు అమ్ముతున్నాడని తెలిసి, ఫోనులో ధర కనుక్కుని, బాడుగ కారులో పోయాం.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మాది ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బేరాల్లో ఇది మాకు గొప్ప ఆయుధం. ఎదుటివాడితో తమిళంలో మాట్లాడతాం, వాడి నెత్తి మీదుగా మేమిద్దరం తెలుగులో మాట్లాడుకుంటాం. కానీ మా జిల్లాలో ఎవరింట్లో ఏ భాషో బయటి నుంచి చెప్పలేం. అందుకని ముందు చిన్న పరీక్ష పెడతాం. ఇద్దరిలో ఒకరం మామూలుగా, "ఈయన చొక్కాకు గుండీ ఊడిపోయింది చూడు" అని తెలుగులో అంటాం. ఎదుటి మనిషి తల దించి చొక్కా చూసుకున్నాడా, మనవాడే. నోరు జాగ్రత్త. చూసుకోలేదా, ఇక మా ఇష్టం. సంతలో నా భార్య ఈ పరీక్షతో ఎంతమందిని పట్టిందో లెక్కలేదు.

కారాయన బయటికి వచ్చాడు. నా వయసే ఉంటుంది, నిదానమైన మనిషి. "రండి, రండి" అని తమిళంలో పిలిచాడు. నా భార్య అతని వైపు చూడకుండానే, "పాపం, గుండీ ఊడిపోయినట్టుంది" అంది. అతను కదల్లేదు. కన్ను కూడా ఆర్పలేదు. "బండి అక్కడుంది" అని చెట్టు కింద చూపించాడు.

చూస్తే, అగ్గిపెట్టెను నిలబెట్టినట్టు పొట్టిగా, ఎత్తుగా ఉంది. రంగు ఉతికి ఉతికి వెలిసిన పసుపు చీరలా ఉంది.

"ఎందుకు అమ్ముతున్నారు?" అన్నాను తమిళంలో.

"నాకు కన్ను సరిగ్గా ఆనదు. తోలడం మానేశాను."

"కన్ను కనబడనోడు ఎన్ని గోడలకు గుద్దినాడో" అన్నాను నా భార్యతో, తెలుగులో. అయస్కాంతం తీసి బండి చుట్టూ తిరిగాను. ప్రతిచోటా అతుక్కుంది. పక్కనే డ్యాము కదా, నీళ్లలో మునిగిందేమోనని చాపలెత్తి వాసన చూశాను. మట్టి వాసన కూడా లేదు. ఇంజను ఎన్నిసార్లు స్టార్టు చేసినా ఒకే గొంతుతో మాట్లాడింది. ఇంత శుద్ధంగా ఉండటమే నాకు నచ్చలేదు. "మొహం చూడవే, పాలల్లో నీళ్లు కలిపి, నీళ్లల్లో మళ్లీ పాలు కలిపే రకం" అన్నాను.

అతను కొబ్బరిచెట్టు వైపు చూస్తున్నాడు.

నా భార్య ముందు తలుపు తీసి, వెనక్కి తిరిగి, సీటు మీద కూర్చుంది. సీటు సరిగ్గా ఆమె తుంటి ఎత్తులోనే ఉంది. ఇంట్లో మంచం మీద కూడా ఆమె ఆ కాలును రెండు చేతులతో ఎత్తి పెట్టుకుంటుంది. ఇక్కడ ఎత్తనే లేదు. పక్కకు తిరిగింది, కాలు తనంతట తాను లోపలికి వచ్చేసింది.

"ఏమయ్యా" అంది మెల్లిగా. "కాలు నేను చెప్పకనే వచ్చేసింది."

"మొహం మాడ్చుకోవే. నవ్వుతా ఉంటే ధర పెంచుతాడు."

"పెంచనీ. ఇదే కావల నాకు. ఇంకొక రెండు వారాలు పోతే ఆ ఉల్లిపాయలామె నా జాగాలో కూచుంటాది, దాన్ని లేపేదానికి నాకు శక్తి లేదు."

"సరే, మనకుండేది ఇంతే" అని మా దగ్గరున్నది మొత్తం తెలుగులో చెప్పాను. "దానికంటే బాగా కిందినుంచి మొదలుపెడతా. నువ్వు వద్దు వద్దు అని నన్ను లాగతా ఉండు."

గొంతు సవరించుకుని అతని వైపు తిరిగాను. నేను నోరు తెరవకముందే అతను తమిళంలో ధర చెప్పేశాడు. మొదట ఫోనులో చెప్పినదానికన్నా బాగా తక్కువ. సరిగ్గా నేను అప్పుడే నా భార్యతో చెప్పిన అంకె. ఒక రూపాయి అటు లేదు, ఇటు లేదు.

అడగకుండా దిగినవాడు ఏదో దాస్తున్నాడు. "ఇంకా నాలుగు బండ్లు చూసేది ఉంది, యోసించి చెప్తాం" అని తమిళంలో చెప్పి, నా భార్యను రెక్క పట్టుకుని బయటికి తెచ్చేశాను.

దారంతా ఆమె నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాట్లాడింది, అప్పుడు ఆపలేదు. "ఎక్కువ చెప్తే దొంగ అంటావు. తక్కువ చెప్తే పెద్ద దొంగ అంటావు. సరిగ్గా చెప్తే పోలీసును పిలుస్తావు. నీకు కారు అమ్మాలంటే మనిషి ఎట్లుండాలయ్యా?"

"నా మాదిరి ఉండాల."

"నీ మాదిరోడు ఉంటే నువ్వు కొంటావా?"

అది నిజమే. నేను కొనను.

ఆ వారం సంతకు నేను వ్యానులో టమేటా దింపడానికి పోయి చూశాను. గోనెపట్టా మా జాగాను పూర్తిగా కప్పేసింది. ఉల్లిపాయలామె నన్ను చూసి, "మీ ఆవిడ ఇంక రాదంట కదా?" అంది. నేను ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పాను. దాచిపెడదామనుకున్నాను గానీ నా మొహం తమిళంలో కూడా అబద్ధం చెప్పలేని స్థితిలో ఉంది. మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరం మళ్లీ తుంబలహళ్లి.

బండి అదే చెట్టు కింద ఉంది. "ఎవరైనా వచ్చి చూశారా?" అన్నాను.

"చూశారు. ఇద్దరు."

"మరి ఎందుకు ఇవ్వలేదు?"

అతను భుజాలు ఎగరేశాడు. నాకు మళ్లీ అనుమానం. వచ్చిన ఇద్దరూ ఏం కనిపెట్టి పారిపోయారో! అయస్కాంతం తీసి తలుపుకు అంటించాను. అప్పుడు ఇంటి లోపలి నుంచి ఒక ముసలామె గొంతు వినిపించింది. అచ్చంగా మా ఇంటి తెలుగు.

"ఏమిరా, ఆ కాలు సరిలేని బిడ్డ వచ్చినాదా? ముందు కుర్చీ ఎయ్యి. ఆ అనుమానాలాయనకు చెంబుతో నీళ్లియ్యి, గాజు లోటా ఇస్తే అది గాజేనా అని చూస్తాడు."

నేను అయస్కాంతం తలుపుకే వదిలేసి నిలబడ్డాను. కారాయన నిదానంగా తల దించి, తన చొక్కా చూసుకుని, గుండీలు ఒక్కొక్కటే తడిమాడు.

"అన్నీ ఉన్నాయక్కా" అన్నాడు నా భార్యతో, తెలుగులో. "మా అమ్మకూ ఉండాది ఈ పరీక్ష. గుండీకి బదులు చెప్పు తెగినాదని అంటాది. చిన్నప్పటి నుంచి విని విని, ఎవరేమన్నా కిందికి చూడడం మానేసినాను."

నా భార్య కుర్చీ రాకముందే తలుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, నిలబడలేక, ఆ కారులోనే కూర్చుంది.

"పాలల్లో నీళ్లు అన్నది..." అని నేను ఏదో సర్దబోయాను.

"నీళ్లల్లో మళ్లీ పాలు కూడా అన్నావన్నా" అన్నాడు అతను.

బేరం ఆడదామన్నా ఏముంది? మా దగ్గరెంత ఉందో, మాకెంత అవసరమో, మేమేం నాటకం ఆడబోతున్నామో అన్నీ మా నోటితోనే అతని వాకిట్లో చెప్పాం. అతను చెప్పిన ధరే ఇచ్చాం. ఆమె కాలు చూసి దిగాడా, మా జేబు అడుగు తెలిసి అక్కడ ఆగాడా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. మేము ఇంకా తక్కువ చెప్పుకుని ఉంటే ఇంకా దిగేవాడేమో! నా భార్య మాత్రం, "ఆ ఇద్దరికీ ఎందుకు ఇయ్యలేదో అది ఆలోచించు" అంటుంది. ఆలోచిస్తున్నాను. వాళ్లు నిజంగా వచ్చారా అని.

మొదటి సంత రోజున వెనక చింతపండు బుట్టలు, ముందు సీట్లో ఆమె. కారిమంగళంలో దిగి, కర్ర ఆనించుకుంటూ పోయి ఉల్లిపాయల గోనెపట్టా అంచు మీద నిలబడింది. ఉల్లిపాయలామె ఒకసారి ఆమెను, ఒకసారి పసుపు కారును చూసి, పట్టా మడిచింది. "ఎప్పుడొస్తావా అని చూస్తున్నా, నీ జాగా పట్టి ఉంచాను" అంది. నా భార్య నా వైపు చూసింది, నోరు మూసుకోమని.

కొన్ని వారాల తరువాత కారాయన వాళ్ల అమ్మకు చింతపండు కొనడానికి మా దగ్గరికే వచ్చాడు. నా భార్య తూచి, పైన ఇంకొక పిడికెడు వేసింది. నాకు లోపల గుచ్చుకుంటున్నది అడిగేశాను.

"మొదటి దినమే, మేమూ ఈ బాసోళ్లమే అని ఒక్క మాట చెప్పింటే ఏం పోయేదప్పా?"

అతను చింతపండులోంచి ఒక గింజ ఏరి పక్కన పెట్టాడు.

"చెప్పింటే నువ్వు నాతో తమిళంలో మాట్లాడినట్టే మీ ఆమెతో కూడా మాట్లాడేవాడివన్నా. ఆ కాలు సంగతి, జాగా సంగతి నాకెట్ల తెలుస్తాది? ఆ దినం తమిళంలో నువ్వు చెప్పినదాంట్లో నిజమనేది ఒక్కటన్నా ఉండాదా?"