పగటిపూట మాత్రమే ఆగే టీవీ

2024 వానాకాలం. బీటెక్ అయ్యాక నేను నిజామాబాద్‌లో ఇళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న సంస్థలో సర్వీస్ ఇంజనీరుగా చేరాను. బోధన్ వైపు కంప్లయింట్లు నావే. రెంజల్ దారిలోని ఒక ఇంటి నుంచి స్మార్ట్ టీవీ బఫరింగ్ అని ఫిర్యాదు వచ్చింది. వీడియో చేరే వేగం చాలక, తెర మీద చక్రం తిరుగుతూ బొమ్మ ఆగిపోవడాన్ని బఫరింగ్ అంటాం.

తలుపు తీసిన సుజాత గారు టీచర్ పోస్టు పరీక్షకు చదువుతున్నారు. చేతిలో ఉన్నది బటన్ ఫోన్ కావడంతో పాఠాలన్నీ టీవీలోనే వినాలి. పరీక్ష దగ్గరికొచ్చింది.

నేను ఒక వరుస ప్రకారం చూస్తాను. ముందు ఫైబర్‌లో వెలుతురు బలం, తర్వాత రౌటర్ దగ్గర స్పీడ్ టెస్ట్, ఆపైన టీవీకి అందే వైఫై, చివరికి యాప్‌లో పేరుకుపోయిన పాత డేటా, అంటే క్యాష్. అన్నీ బాగున్నాయి. టీవీలో పాఠం ఆగుతోంది. పక్కనే అదే వైఫై మీద నా ఫోన్‌లో అదే పాఠం నీళ్లలా సాగుతోంది.

"ఎప్పుడెప్పుడు ఆగుతదక్కా?"

"పగటీలి, నేను కూసున్నప్పుడే. పొద్దూకినంక మా ఆయన క్రికెట్ పెడితే ఒక్కసారి సుత ఆగది."

మా సంస్థ లాగిన్‌తో రౌటర్ సెట్టింగ్స్ తెరిచాను. అందులో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ ఉంటుంది. ఏ పరికరానికి ఏ వేళ ఎంత వేగం ఇవ్వాలో అక్కడ పెట్టుకోవచ్చు. టీవీకి పగటిపూట వేగాన్ని ఎవరో అడుగంటా తగ్గించారు.

అప్పుడే ఆమె భర్త ఎరువుల దుకాణం నుంచి అన్నానికి వచ్చారు. నన్ను కూర్చోబెట్టి చాయ్ పెట్టమన్నారు.

"అన్నా, ఈ లిమిట్ ఎవరు పెట్టిండ్రు?"

"నేనే తమ్మీ. పొద్దుందాక టీవీ ముందల్నే ఉంటే నాట్లేసేటోళ్లకు పొలం కాడికి బువ్వ ఎవలు కొంటవోవాలె? మా మేడం కలెక్టర్ అయితదట."

"కలెక్టర్ గాదు, టీచర్," వంటింట్లోంచి సుజాత గారన్నారు. "ఇన్నిరోజులు నాట్లోళ్లు ఉపాసమున్నరా?"

"తీసెయ్యనా అన్నా?"

"ఉండనీ."

కనెక్షన్ ఆయన పేరు మీద ఉంది. ఆయన మాట లేకుండా మార్చే హక్కు నాకు లేదు.

ఆమె చాయ్ తెచ్చి, ఆయన వినేలాగే అన్నారు. "నాకు ముందే అనుమానం తమ్మీ. ఎన్నిసార్లు అడిగినా నెట్టే స్లో అన్నడు. బయటోళ్ల ముందలన్న ఒప్పుకుంటడని కంప్లయింట్ పెట్టిన."

ఆయన అన్నం కలుపుతూ తల ఎత్తలేదు. "గంత బాధైతే నెట్టే తీపిచ్చేస్త."

తర్వాతి వారం రౌటర్ వెనక్కి తెచ్చుకోవడానికి అదే ఇంటికి వెళ్లాను. రద్దుకు కారణం అడిగితే ఆయన తడుముకోకుండా చెప్పారు: "బఫరింగ్ తగ్గలే."

గేటు దగ్గర సుజాత గారు అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని పొలానికి బయల్దేరుతున్నారు. నా చేతిలోని రౌటర్ చూశారు.

"ఇగ ఆగుడు లేదు తమ్మీ," అన్నారు.

అప్పటి నుంచి నా వరుసలో ఫైబర్ రెండో స్థానానికి జరిగింది. ఎవరు చూస్తుంటే ఆగుతోందని ముందు అడుగుతాను. ఆ జవాబు విన్నాక వాడాల్సిన పనిముట్టు మాత్రం నా సంచిలో ఇప్పటికీ లేదు.